జీర్ణోద్ధారణమా, పునఃప్రతిష్ఠయా? — లినక్స్ చరిత్రలో ముప్పది యేండ్ల తర్కము

విడవలూరు ప్రాంతపు మాగాణి రైతునకు సంగము ఆనకట్టను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. 1880 దశకమున పెన్నానదికి అడ్డముగా కట్టిన ఆ ఆనకట్టవద్ద నిలిచిన నీరు కనిగిరి జలాశయమునకు చేరి, అచ్చటి కాలువల ద్వారా కోవూరు, విడవలూరు పొలములకు ప్రవహించుచుండెను. నూరేండ్లకు పైగా ఆ కట్టడమును మరమ్మతులతో నిలుపుకొనుచు వచ్చిరి. తుదకు సంగముననే క్రొత్త బ్యారేజి లేచినది. 2022 సెప్టెంబరు 6వ తేదీన దానికి ప్రారంభోత్సవము జరిగినది. పాతదానిని బాగుచేసికొనుచు పోవలెనా, ఒకనాటికి క్రొత్తది కట్టుకొనవలెనా యను ప్రశ్న ఈ సీమవారికి ఇట్లు తాతల నాటినుండి పరిచితమే. అయితే ఇచ్చట చెప్పదలచినది ఆనకట్టను గూర్చి కాదు. ఇంటిలో బల్లమీద నుండు కంప్యూటరును గూర్చి.

కంప్యూటరు నడచుటకు మూలమైన నిర్వాహక వ్యవస్థను మనవారు వాడుకలో ‘ఓయెస్’ అందురు. దానికి క్రొత్త కూర్పు వచ్చినపుడు రెండు మార్గములు కలవు. ఉన్నదానిని ఉన్నచోటనే క్రొత్త కూర్పుగా మార్చుట యొకటి; దానిని అప్‌గ్రేడు అందురు. డిస్కును తుడిచివేసి మొదటినుండి ప్రతిష్ఠించుట రెండవది. నెల్లూరు మరమ్మతు దుకాణములలో ఈ రెండవదానికి పెట్టిన పేరు ‘ఫార్మాటు కొట్టుట’. యంత్రము కొంచెము మందగించిన చాలును, దుకాణదారు నోట వచ్చు తొలిమాట అదియే. ఆ డిస్కులో పిల్లల మార్కుల జాబితాలు, పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు, రొయ్యల చెరువు లెక్కలు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు ఉన్నవా లేవా యని యడుగువారు తక్కువ. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి ఉచిత సంరక్షణ సామాన్యముగా ముగిసినందున, విండోస్ 11ను భరింపజాలని పాతయంత్రములు గల గృహస్థులు పలువురు లినక్స్ వైపు చూచుచున్నారు. కావున ఈ తర్కపు చరిత్ర తెలిసికొనుట కాలక్షేపము మాత్రమే కాదు.

లినక్స్ పుట్టుకలోనే ఈ ప్రశ్న యున్నది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన యంత్రములో మినిక్స్ అను బోధనావ్యవస్థను వాడుచుండెను. దానిని దిద్దుకొనుటకు మారుగా తానే వేరొక కర్నెలును వ్రాయ మొదలిడి, ఆగస్టు 25వ తేదీన ఆ సంగతిని తోటివారికి ప్రకటించెను. ఆ తొలిదినములలోనే ఒక చిత్రము జరిగినది. మోడెము ద్వారా టెలిఫోను నంబరును త్రిప్పబోయి, ఆ సంకేతములను పొరపాటున హార్డు డిస్కుమీదికి పంపినందున అతని మినిక్స్ భాగము చెడిపోయినది. మినిక్సును మరల ప్రతిష్ఠించుకొనుటా, తాను వ్రాసిన పసిబిడ్డతోనే కాపురము చేయుటా యను సంకట మేర్పడగా, అతడు రెండవదానినే యెన్నుకొనెను. (తెలుగు లిపికి యూనికోడులో స్థానము లభించినదియు ఆ 1991వ సంవత్సరముననే యగుట ప్రసంగవశమున గుర్తుచేయవచ్చును.)

కర్నెలొక్కటియే యున్న ఇల్లు నడవదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1984లో పని ప్రారంభించిన గ్నూ పరికరములు, ఇతర ప్రోగ్రాములు దానితో చేర్చి ఫ్లాపీలమీద పంచిపెట్టువారు కావలసివచ్చిరి. ఇట్టి కూర్పులకు డిస్ట్రిబ్యూషను అని పేరు. వానిలో పీటర్ మెక్‌డొనాల్డ్ 1992లో వెలువరించిన ఎస్.ఎల్.ఎస్. మిక్కిలి వ్యాపించెను, దానిలోని లోపములును అంతగానే వ్యాపించెను. ఆ లోపములనుండి ఇద్దరు యువకులు రెండు విరుద్ధ మార్గములు పట్టిరి. నా దృష్టిలో ఈ చరిత్ర కంతటికిని ఇదియే కీలకము.

మొదటివాడు అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున మూర్‌హెడ్ స్టేట్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన పాట్రిక్ వోల్కెర్డింగ్. ఆచార్యుడొకడు తనకు లినక్స్ ప్రతిష్ఠించి చూపుమని యడుగగా, శిష్యుడు ఎస్.ఎల్.ఎస్.ను వేసి, తాను వ్రాసిపెట్టుకొన్న దిద్దుబాటు లన్నియు ఒక్కొక్కటిగా చేసెను. ప్రతిష్ఠకు పట్టినంత కాలము దిద్దుటకును పట్టినది. ప్రతి యంత్రమునకు ఈ శ్రమయంతయు మరల మరల ఏల, దిద్దుబాట్లను ఫ్లాపీలలోనే చేర్చరాదా యని గురువు అడిగెను. 1993 జూలైలో వెలువడిన స్లాక్‌వేర్ ఆ ప్రశ్నకు సమాధానము. అనగా పాతయింటిని బాగుచేసి వాసయోగ్యముగా నొనర్చుట.

రెండవవాడు ఇండియానా రాష్ట్రమున పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున చదువుచుండిన ఇరువదియేండ్ల యియన్ మర్డాక్. ఎస్.ఎల్.ఎస్.ను దిద్ది పేరు మార్చుట తన యుద్దేశము కాదనియు, పునాదినుండి క్రొత్తది కట్టుచున్నాననియు 1993 ఆగస్టు 16వ తేదీన ప్రకటించెను. తన పేరును, డెబ్రా యను తన స్నేహితురాలి పేరును కలిపి దానికి డెబియన్ అని నామకరణము చేసెను. ఇచ్చటి విచిత్రమేమన, పునాదినుండి క్రొత్తగా కట్టిన ఈ డెబియనే తరువాతికాలమున ‘ఇక మీరు క్రొత్తగా కట్టుకొన నక్కరలేదు, ఉన్నదానినే యెన్నడును కదలింపక నవీకరించుకొనుడు’ అను సిద్ధాంతమునకు ప్రధానపీఠ మయ్యెను. స్లాక్‌వేర్ పనిముట్లో, ఒక ప్రోగ్రాము నడచుటకు వేరేవి యేవి కావలెనో నేటికిని తమంతట పరిశీలింపవు. ఆ భారము గృహస్థునిదే.

డెబియన్ ఈ శక్తి నెట్లు సంపాదించెనో కొంత వివరింపవలెను. అందలి ప్రతి ప్రోగ్రామును ఒక మూటగా కట్టుదురు. దానిని ప్యాకేజి అందురు. మూటను విప్పి ఫైళ్లను తగినచోట్ల పెట్టునది ‘డీపీకేజీ’ యను పనిముట్టు. ఏ ఫైలు ఏ మూటనుండి వచ్చినదో అది గ్రామకరణము అడంగలు వ్రాసినట్లు పట్టికలో వ్రాసికొనును. కనుక క్రొత్త మూట వచ్చినపుడు పాతమూటకు చెందినవి మాత్రమే తొలగించి క్రొత్తవి పెట్టగలదు. మన సొంత ఫైళ్ల జోలికి పోదు. మనము స్వయముగా దిద్దుకొన్న అమరిక ఫైళ్ల విషయమున దాని మర్యాద మరింత గొప్పది. మనము ముట్టని ఫైలైనచో మారుమాట లేక మార్చివేయును. మనము దిద్దియుండి, క్రొత్త కూర్పులోను అది మారియున్నచో, ఆగి యడుగును: మీ దానిని ఉంచమందురా, మా క్రొత్తదానిని పెట్టమందురా? మనము సమాధానము వ్రాయక ఎంటరు మీట నొక్కినచో మనదే నిలిచియుండును.

నడచుచున్న యంత్రములో దాని అవయవములనే మార్చుట యెట్లు సాధ్యమని కొందరు శంకింపవచ్చును. వాల్వు రేడియోలున్న దినములలో సెట్టు ఆపక వాల్వు మార్చుట కెవ్వరు సాహసింతురు? యూనిక్స్ సంప్రదాయములో ఫైలు పేరు వేరు, ఫైలు వస్తువు వేరు. పేరు గోడమీది పలక వంటిది. క్రొత్త వస్తువును తెచ్చి ఆ పేరును దానికి తగిలించినను, పాతవస్తువును అప్పటికే పట్టుకొనియున్న ప్రోగ్రాము దానితోనే పని సాగించును. అది ముగిసిన తరువాతనే పాతవస్తువు డిస్కునుండి అంతరించును. అందువలననే అప్‌గ్రేడు సాగుచుండగా యంత్రము పనిచేయుచునే యుండును. క్రొత్త కర్నెలు అమలులోనికి వచ్చుటకు మాత్రము ఒకమారు ఆపి మరల ప్రారంభింపక తప్పదు.

సిద్ధాంతము చక్కనిదే, దానికి అగ్నిపరీక్షలు రెండు వచ్చినవి. ప్రోగ్రాములను డిస్కుమీద వ్రాయు పద్ధతియే 1995 ప్రాంతమున మారినది: ‘ఏ డాట్ ఔట్’ అను పాతరీతి పోయి ‘ఎల్ఫ్’ అను రీతి వచ్చినది. 1996 జూన్‌లో వెలువడిన డెబియన్ 1.1 ఆ క్రొత్తరీతిని స్వీకరించెను. 1.0 ఏమయ్యెనని అడుగవచ్చును. ఇన్ఫోమేజిక్ అను సీడీల సంస్థ, ఇంకను తయారీలో నున్న కూర్పునే 1.0 అను పేర ముద్రించి అమ్మినందున, గందరగోళము పోవుటకు డెబియన్‌వారు ఆ సంఖ్యనే విడిచిపెట్టిరి.

రెండవ పరీక్ష దీనికన్న కఠినమైనది. సమస్త ప్రోగ్రాములకు ఆధారమైన సీ గ్రంథాలయము ఒకటి కలదు. లినక్స్‌వారు గ్నూ గ్రంథాలయమునుండి చీలి తమ సొంత శాఖను కొన్నేండ్లు నడపి, 1997లో గ్నూ రెండవ కూర్పు వెలువడిన పిదప మరల మాతృశాఖలోనికి చేరిరి. మొదటిదానిని లిబ్‌సీ 5 అనియు, రెండవదానిని లిబ్‌సీ 6 అనియు వ్యవహరించిరి. రెండును ఒకే డిస్కులో ప్రక్కప్రక్కన నుండవచ్చును గాని, ఒకే ప్రోగ్రాములోనికి రెండును చొరబడినచో అది కూలిపోవును. కావున ఏ మూట ముందు మార్చవలెను, ఏది తరువాత మార్చవలెను అనునది ప్రాణసంకటమైనది. వరుస తప్పినచో, మూటలు విప్పవలసిన పనిముట్టే నడవక, కూర్చున్న కొమ్మను నరికికొన్నట్లగును. 1998 జూలైలో డెబియన్ 2.0 వెలువడినపుడు ఆ వరుసను తప్పక నడిపించుటకై ‘ఆటోఅప్’ అను ఒక చిన్న ఆజ్ఞాపత్రమును వేరుగ సమకూర్చిరి. చేతితో వ్రాసిన ఆ వరుసను యంత్రమే గణించు పద్ధతి మరు సంవత్సరమే ప్రజలకు అందినది. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో వచ్చిన ‘ఆప్ట్’ అను పనిముట్టు, ఏ మూట దేనిపై ఆధారపడినదో చూచి, కావలసినవి తానే తెచ్చి, తగిన క్రమమున విప్పసాగెను. నేటికిని డెబియన్, ఉబుంటు వాడువారు కొట్టునది ఆ ఆజ్ఞనే.

అయితే ఇందొక నియమము కలదు. డెబియనులో ఒక్కొక్క మెట్టు ఎక్కవలెను గాని మెట్లు దాటరాదు. పదునొకండవ కూర్పునుండి పండ్రెండవదానికి, అచ్చటినుండి పదుమూడవదానికి పోవలెనే కాని నడుమనున్నదానిని విడిచి గెంతుటకు వారి యంగీకారము లేదు. నాలుగైదు కూర్పులు వెనుకబడిన యంత్రమును మెట్టుమెట్టుగా పైకి తెచ్చుటకన్న తుడిచి ప్రతిష్ఠించుటయే తక్కువ శ్రమయని నా యభిప్రాయము.

రెడ్‌హ్యాట్‌వారి త్రోవ వేరు. వారి పాత సీడీని పెట్టి యంత్రమును లేపినచో, క్రొత్తగా ప్రతిష్ఠింపవలెనా, ఉన్నదానిని నవీకరింపవలెనా యని మొదటనే యడుగుచుండెను. వ్యాపారసంస్థలకై వారు తయారుచేసిన కూర్పులలో మాత్రము ఒక పెద్దకూర్పునుండి మరొకదానికి పోవుటకు చాలకాలము క్రొత్త ప్రతిష్ఠనే విధించిరి. 2019లో ఎనిమిదవ కూర్పు వచ్చినపుడు ‘లీప్’ అను పనిముట్టుతో ఏడవదానినుండి నేరుగ పోవు మార్గము కల్పించిరి. వారి పోషణలోని ఫెడోరాలో ఈ పనికై పనిముట్లు ఒకదానివెనుక నొకటి మారినవి. వాని పేర్లన్నియు ఏకరువు పెట్టిన పాఠకులకు విసుగు. 2004 అక్టోబరున పుట్టిన ఉబుంటు ఆరునెలల కొక కూర్పు చొప్పున వెలువరించుచు, 2006 నుండి దీర్ఘకాల సంరక్షణగల కూర్పులను వేరుచేసి, ఒక దీర్ఘకూర్పునుండి మరుసటి దీర్ఘకూర్పునకు నేరుగ పోవచ్చునని నియమించెను. 2002లో వచ్చిన ఆర్చ్ లినక్స్ అసలు కూర్పులనే త్రోసివేసినది. అందు నిత్యము కొంచెము కొంచెముగ మారుటయే గాని ఒక దినమున పండుగ లేదు. అట్లని నిశ్చింత యనుకొనరాదు. 2013 జూన్‌లో ప్రోగ్రాము లన్నింటిని ఒకేచోటికి చేర్చినపుడు, ప్రకటన చదువక ఆజ్ఞ కొట్టినవారు చిక్కులలో పడిరి.

తెలుగువారి యనుభవమున ఈ తర్కమునకు మరియొక ముఖము కలదు. 2005లో హైదరాబాదు కేంద్రముగా ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు ముఖముగల నిర్వాహక వ్యవస్థను వెలువరించెను. 2007లో సీడాక్ సంస్థ డెబియన్ ఆధారముగా ‘బాస్’ అను భారతీయ కూర్పును ఇచ్చెను. మెనూలు తెలుగులో చదువగలుగుట ఒక యెత్తు, తెలుగు టైపు చేయగలుగుట మరియొక యెత్తు. టైపు సాధనములు కాలక్రమమున మారినవి. ఉదాహరణకు 2009లో ఫెడోరా పదునొకండవ కూర్పు, అంతవరకు వాడిన ‘స్కిమ్’ స్థానమున ‘ఐబస్’ను నెలకొల్పెను. క్రొత్తగా ప్రతిష్ఠించుకొన్నవానికి క్రొత్తసాధనము తానై దొరకినది. నవీకరించుకొన్నవాని యంత్రములో పాత అమరికయే మిగిలియుండి, తానై మార్చుకొనవలసి వచ్చెడిది. అప్‌గ్రేడు స్వభావమే యిది. అది గృహస్థుని అలవాటును గౌరవించును. ఆ గౌరవమువలననే అటకమీది పాతసామానును క్రిందికి దింపదు. యేండ్ల తరబడి నవీకరించిన యంత్రములో ఎవరికిని పనికిరాని గ్రంథాలయములు, యజమానికే జ్ఞప్తిలేని అమరికలు పేరుకొనుట అందువలననే. తుడుచువాదులు చెప్పు దోషములలో ఇది నిజమైనది. ‘యంత్రము పాతబడుటచేత మందగించును’ అను వారి రెండవ యారోపణ మాత్రము లినక్సునకు అంతగా అన్వయింపదు. డిస్కు నిండుటో, డిస్కే జీర్ణించుటో, జ్ఞాపకశక్తి చాలకపోవుటో దానికి కారణమై యుండును. అట్టిచో ఎన్నిమార్లు ఫార్మాటు కొట్టినను ఫలము లేదు.

క్రొత్త ప్రతిష్ఠను మన సంప్రదాయము నిరసింపలేదు. పూరీ జగన్నాథమున అధికాషాఢము వచ్చు కొన్ని సంవత్సరములలో నవకళేబరోత్సవము జరుగును. 1996 తరువాత 2015లో జరిగినది. దారుమూర్తులు నాలుగును క్రొత్తవి. పాతమూర్తులలోని బ్రహ్మపదార్థము మాత్రము రాత్రివేళ, దీపము లార్పి, క్రొత్తమూర్తులలోనికి చేర్పబడును. కంప్యూటరులో ఆ పదార్థము ‘హోమ్’ అను భాగమున నుండును. మన పత్రములు, చిత్రములు, ఉత్తరములు అన్నియు అందే. ప్రథమమున డిస్కును విభజించునపుడే హోమ్‌ను వేరుభాగముగ నుంచినచో, తరువాత ఎన్నిమార్లు మూలవ్యవస్థను తుడిచి ప్రతిష్ఠించినను ఆ భాగమును ముట్టక విడువవచ్చును. ఇచ్చటను ఒక మెలిక యున్నది. ఆ హోమ్‌లోనే చుక్కతో ప్రారంభమగు పేర్లుగల గుప్తఫైళ్లలో మన పాత అమరికలు దాగియుండును. పాతయింటి దోషము వానిలోనే యున్నచో, అది క్రొత్తయింటికిని వెంట వచ్చును.

దేవాలయమును జీర్ణోద్ధరణ చేయునపుడు మొదట బాలాలయము నిర్మించి, అచ్చట నిత్యార్చన సాగింతురు. యాదగిరిగుట్టలో 2016 నుండి 2022 మార్చి 28వ తేదీన మహాకుంభ సంప్రోక్షణ జరుగువరకు భక్తులు బాలాలయముననే దర్శించుకొనిరి. గుడి విప్పకముందు బాలాలయ మెట్లో, అప్‌గ్రేడుకైనను ప్రతిష్ఠకైనను ముందు వేరొక డిస్కులోనికి నకలు తీయుట అట్లు. డెబియన్‌వారు ప్రతి కూర్పుతోను ప్రకటించు సూచనలలో, నవీకరించువానికి తొలుత చెప్పు పనులలో ఇది యొకటి. విద్యుత్తు ఎప్పుడు పోవునో తెలియని ఊళ్లలో, మూటలు సగము విప్పిన క్షణమున యంత్రము ఆగకుండ ల్యాప్‌టాపు బ్యాటరీయో, యూపీఎస్సో సిద్ధముగ నుంచుకొనుటయు అవసరమే. తుపాను హెచ్చరిక యున్న దినమున ఈ పని పెట్టుకొనకుండుట మేలని కోస్తావారికి వేరుగ చెప్పనేల?

ఇంతవరకు చెప్పిన చరిత్రలో గృహస్థునకు ఎన్నుకొను స్వాతంత్ర్యము కలదు. ఇటీవల ఆ స్వాతంత్ర్యము లేని సందర్భ మొకటి వచ్చినది. 2025 ఆగస్టు 9వ తేదీన డెబియన్ పదుమూడవ కూర్పు ‘ట్రిక్సీ’ వెలువడినది. మూడు దశాబ్దముల క్రితము ఏ 32 బిట్ల ఇంటెల్ యంత్రములమీద డెబియన్ పుట్టినదో, ఆ యంత్రములకు ఈ కూర్పున కర్నెలును లేదు, ప్రతిష్ఠాపన సాధనమును లేదు. అట్టి వ్యవస్థ నడుపువారు పదుమూడవ కూర్పునకు నవీకరింపవలదనియు, సాధ్యమైనచో 64 బిట్ల రూపమున మొదటినుండి ప్రతిష్ఠించుకొనుడనియు, కానిచో ఆ యంత్రమునకు విశ్రాంతి నిండనియు వారే సూచించిరి. ‘ఎన్నడును తుడువ నక్కరలేదు’ అన్న సంప్రదాయమువారే తుడువుడని చెప్పవలసిన దినము వచ్చినది. కాలగణనయు ఒక చిక్కే. 32 బిట్లలో క్షణములను లెక్కించు సంఖ్య 2038 జనవరి 19వ తేదీన నిండి పొర్లిపోవును. ఆ సంఖ్యను 64 బిట్లకు పెంచు మహాయత్నము ఈ కూర్పుననే 32 బిట్ల ఆర్మ్ యంత్రములకు జరిగినది గాని, పాతప్రోగ్రాములు నడచుటకై ఇంటెల్ 32 బిట్ల శాఖను పాతరీతిగానే విడిచిరి.

గమనింపవలసిన దేమన, 32 బిట్ల వ్యవస్థ నడచు ప్రతియంత్రమును 32 బిట్ల యంత్రము కాదు. 64 బిట్ల ప్రాసెసర్లను ఏఎండీ సంస్థ 2003లోనే విపణికి తెచ్చెను. డెబియన్ 2007లో వానికి అధికారికమైన కూర్పు నిచ్చెను. అయినను చేతికందిన సీడీని పెట్టి 32 బిట్లనే ప్రతిష్ఠించి, నాటినుండి నేటివరకు నమ్మకముగ నవీకరించుచు వచ్చిన ఇండ్లు కలవు. అట్టివారు టెర్మినలు తెరచి ‘ఎల్ ఎస్ సీ పీ యూ’ అను ఆజ్ఞను ఆంగ్లాక్షరములలో చిన్నబడిగా కొట్టి చూడవలెను. మొదటి పంక్తులలో ప్రాసెసరు రీతి కనబడును. అందు 32, 64 రెండును వ్రాసియున్నచో, హోమ్ భాగమునకు నకలు తీసికొని 64 బిట్ల కూర్పును నిశ్చింతగ ప్రతిష్ఠించుకొనవచ్చును. 32 మాత్రమే యున్నచో, డెబియన్ సాధనముతో ఆ యంత్రమున ప్రతిష్ఠింపదగిన కడపటి కూర్పు 2023 జూన్‌లో వెలువడిన పండ్రెండవది.